జార్జ్ హారిసన్‌ది నిజమైన భక్తేనా, అరవైల నాటి ఫ్యాషనా?

మీ ప్రశ్నలో ముఖ్యంగా రెండు ముక్కలున్నాయి. బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ మనసారా కృష్ణభక్తుడయ్యారా, లేక అరవైల్లో అందరూ ఇండియా ఇండియా అంటుంటే ఆ గాలికి ఆయనా కొట్టుకొచ్చారా అన్నది మొదటిది. భక్తి తలకెక్కడం వల్లే ఆయన కెరీర్ పాడైందని మీ ఫ్రెండ్ వాదిస్తున్నాడు, అందులో నిజమెంత అన్నది రెండోది.

ముందు సూటిగా చెప్పేస్తాను.

ఫ్యాషన్ కాదు. ఫ్యాషన్ అయితే రెండేళ్లలో వదిలిపోయేది. 1966లో పట్టుకున్న దారిని ఆయన 2001 నవంబర్ 29న కన్నుమూసేదాకా వదల్లేదు. అయితే "మతం మారారా" అని అడిగితే మాత్రం ఒక్క మాటలో చెప్పడం కష్టం. ఆయన పేరు మార్చుకోలేదు, ఇస్కాన్‌లో దీక్ష తీసుకోలేదు. జపం చేశారు, మాంసం మానేశారు, గీత చదివారు, గుడికి డబ్బిచ్చారు, దేవుడి మీద పాటలు కట్టారు. మన ఊళ్లలో దీన్ని భక్తి అనే అంటారు, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

కెరీర్ సంగతి: ఆయన సోలో జీవితంలో అన్నిటికన్నా మారుమోగిన పాట భక్తి పాటే. 1974లో గట్టి దెబ్బ తగిలిన మాట నిజం. కానీ ఆ దెబ్బలో భక్తి వాటా మీ ఫ్రెండ్ అనుకుంటున్నంత లేదు.

ఇప్పుడు వివరంగా. నేను విజయవాడలో గిటార్ నేర్పిస్తాను. దానికంటే ముందు, చిన్నతనంలో, ఇంట్లో వీణ నేర్పించారు. అందుకని నేను ఈ విషయాన్ని ఇంటర్వ్యూల కంటే ఎక్కువగా ఆయన వాయించిన తీరులోంచి చూస్తాను. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, భక్తి ఆయన పాటల సాహిత్యంలోనే ఆగిపోలేదు, చేతి వేళ్లలోకి దిగింది. అది దొంగతనంగా తెచ్చిపెట్టుకోగలిగేది కాదు.

ఆయన పుట్టింది 1943 ఫిబ్రవరి 25న, లివర్‌పూల్‌లో. తండ్రి బస్సు మీద పనిచేసేవారు. తల్లి ఐరిష్ మూలాలున్న క్యాథలిక్, పిల్లవాడికి బాప్తిస్మం ఇప్పించారు. కుర్రతనంలోనే ఆయన చర్చికి దూరమయ్యారు. అప్పట్లో ఆయన లోకమంతా గిటారే. పదిహేనేళ్ల వయసులో జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీల బృందంలో చేరారు. ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే: ఇరవై ఒకటో ఏడు నిండేసరికి బీటిల్స్ పేరు అమెరికా అంతా మోగిపోయింది.

ఆ వయసులో డబ్బూ పేరూ అన్నీ వచ్చేశాక, "ఇదేనా అంతా?" అన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. ఈ మాట ఆయన తర్వాత చాలాసార్లు రకరకాలుగా చెప్పుకున్నారు. 1965లో బహమాస్‌లో సినిమా షూటింగ్ జరుగుతుంటే స్వామి విష్ణుదేవానంద వచ్చి నలుగురికీ తలో యోగా పుస్తకం ఇచ్చారు. అదే సినిమాలో ఒక రెస్టారెంట్ సీన్ కోసం భారతీయ వాద్యకారులు వచ్చారు, అక్కడే ఆయన సితార్ చూశారు. అదే ఏడాది ఎల్ఎస్‌డి అనే మత్తుమందు అనుభవం కూడా ఉంది. దేవుడి గురించిన ఆలోచన ఆ మత్తులోనే మొదలైందని ఆయన దాచకుండా చెప్పారు. కానీ 1967 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో హిప్పీ కుర్రాళ్ల పరిస్థితి కళ్లారా చూశాక దాన్ని మానేసి, ధ్యానం వైపు తిరిగారు. ఫ్యాషన్ అనేవాళ్లు ఈ వరుస చూడాలి. హిప్పీల ఫ్యాషన్ మంచి ఊపు మీదున్న ఏడాదే ఆయన అందులోంచి బయటికి నడిచారు.

లండన్‌లో భారతీయ సరుకులమ్మే దుకాణంలో ఒక చవక సితార్ కొని, 1965 అక్టోబర్‌లో బీటిల్స్ పాట 'నార్వీజియన్ వుడ్'లో వాయించేశారు. సితార్‌ని గిటార్‌లా వాయించారు అంతే. రాగం లేదు, మీండ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) లేదు. ఆయనకే అది తెలుసు. 1966లో పండిట్ రవిశంకర్ పరిచయమయ్యాక అసలు చదువు మొదలైంది.

ఆ మొదటి పాఠాల్లో జరిగిన ఒక సంగతి ఆయనే చెప్పారు. పాఠం మధ్యలో ఫోన్ మోగితే, లేచి సితార్‌ని దాటి వెళ్లబోయారు. రవిశంకర్ కాలి మీద ఒక్కటి తట్టి, వాద్యాన్ని గౌరవించడం ముందు నేర్చుకోమన్నారు. మనకిది కొత్తగా అనిపించదు. మా ఇంట్లో వీణకు పొరపాటున కాలు తగిలితే చెయ్యి తాకించి కళ్లకద్దుకోవాల్సిందే. కానీ అప్పటికి ప్రపంచంలోకెల్లా పేరున్న నలుగురు కుర్రాళ్లలో ఒకడిని కాలి మీద తట్టగలిగిన మనిషి ఇంకెవరు? ఆయన కోపం తెచ్చుకోలేదు. సెప్టెంబర్‌లో బొంబాయి వచ్చి, కాశ్మీర్ వెళ్లి, దాదాపు ఆరు వారాలు ఆ గురువు దగ్గరే ఉన్నారు. పరమహంస యోగానంద ఆత్మకథ చదివింది ఆ రోజుల్లోనే. మన ఇళ్లలో 'ఒక యోగి ఆత్మకథ' అని అలమరాలో కనిపించే పుస్తకమే అది. 1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ అట్ట మీద గుంపులో జాగ్రత్తగా చూడండి. బాబాజీ, లాహిరీ మహాశయులు, యుక్తేశ్వర్, యోగానంద, ఆ గురుపరంపర నలుగురూ ఉంటారు. వాళ్లను పెట్టించింది జార్జే.

రిషీకేశ్ గురించి ఒక మాట. ఫ్యాషన్ అన్న పేరు ఎక్కువగా అక్కడినుంచే వచ్చింది. 1968 ఫిబ్రవరిలో నలుగురూ మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వెళ్లారు. డ్రమ్మర్ రింగో పది రోజులకే తిరుగు ప్రయాణం కట్టారు, పాల్ నెల పైచిలుకు ఉన్నారు. జాన్, జార్జ్ ఏప్రిల్ దాకా ఉండి, మహర్షి మీద వచ్చిన ఆరోపణల మధ్య గొడవగా బయటికొచ్చారు. జాన్ ఆ కోపాన్ని పాటలో పెట్టారు. జార్జ్ తర్వాత మహర్షిని కలిసి క్షమాపణ చెప్పారు. 1992లో ఆ గురువుకు సంబంధించిన రాజకీయ పార్టీ కోసం లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో కచేరీ కూడా చేశారు. 24 ఏళ్ల తర్వాత! ఫ్యాషన్‌కి అంత జ్ఞాపకశక్తి ఉండదు.

ఇక వేళ్ల సంగతికి వస్తాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

1968లోనే ఆయన సితార్ సాధన వదిలేశారు. ఎందుకంటే, నిజమైన సితార్ విద్వాంసుడు కావాలంటే చిన్నప్పుడే మొదలుపెట్టి ఏళ్ల తరబడి కూర్చోవాలి, తనకు ఆ వయసు దాటిపోయిందని ఒప్పుకున్నారు. తన వాద్యం గిటారే అని తిరిగి దాని దగ్గరికి వచ్చారు. పైపైన చూసేవాళ్లు "చూశారా, మోజు తీరింది" అనేస్తారు. కానీ తిరిగొచ్చిన గిటార్ పాత గిటార్ కాదు. 1969 చివర్లో ఒక బృందంతో టూర్‌లో తిరుగుతూ ఆయన స్లైడ్ పట్టుకున్నారు. అంటే వేలికి గాజు గొట్టం తొడిగి, తీగను ఫ్రెట్ (మెట్టు) మీద నొక్కకుండా పైపైన జార్చుతూ వాయించడం. అమెరికాలో నల్లజాతి బ్లూస్ వాద్యకారుల పద్ధతి అది. అందరూ దాన్ని బ్లూస్‌లాగే వాయిస్తారు: గరుకుగా, ఏడుపు గొంతుతో. జార్జ్ అలా వాయించరు. ఒక్కో స్వరానికి కిందినుంచి నెమ్మదిగా వస్తారు, స్వరం దగ్గర క్షణం ఆగుతారు, ఆపైన చిన్న కంపనం ఇచ్చి దింపుతారు. మా వీణ పాఠాల్లో దీన్ని జారు గమకం అనేవారు. హిందుస్థానీలో మీండ్. సితార్ మీద తీగను పక్కకు లాగి తెచ్చే పనిని ఆయన గాజు గొట్టంతో చేశారు.

నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఆ స్లైడ్ ముక్కలు నేర్పిస్తుంటాను. కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్న పిల్లలకు అది తొందరగా పట్టుబడుతుంది, రాక్ పాటలు మాత్రమే విన్నవాళ్లు అసలు స్వరాలన్నీ సరిగ్గానే తీసి, మధ్యలో ఉన్నది వదిలేస్తారు. ఆ మధ్యలో ఉన్నదే జార్జ్ హారిసన్.

ఈ స్లైడ్‌తో వచ్చిన మొదటి పెద్ద పాట 'మై స్వీట్ లార్డ్'. దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ రెండు ప్రశ్నలూ అందులోనే కలుస్తాయి.

పాట 1970 నవంబర్‌లో వచ్చింది, అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి వెళ్లింది. బీటిల్స్ విడిపోయాక వాళ్లలో ఎవరికైనా వచ్చిన మొదటి నంబర్ వన్ అదే. గాయక బృందం ముందు 'హల్లెలూయా' అని అందుకుంటుంది. చర్చిలో పెరిగిన శ్రోత హాయిగా గొంతు కలుపుతాడు. కొంతసేపటికి చూస్తే బృందం 'హరే కృష్ణ' అంటూ ఉంటుంది, ఆ తర్వాత 'గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః' శ్లోకం. ఇది ఆయన కావాలనే చేశారు. రెండూ ఒకే దేవుడి పిలుపులని జనం నోటితోనే అనిపించాలన్నది ఆయన ఉద్దేశం, తర్వాత ఆయనే వివరించారు.

నా అనుభవంలో ఈ పాట ఇప్పటికీ మనుషుల్ని ఆలోచనలో పడేస్తుంది. చర్చి క్వయర్‌లో గిటార్ వాయించే ఒక అబ్బాయి నా దగ్గర నేర్చుకున్నాడు. ఆ పాట మీద మనసు పడి, ఆదివారం ఆరాధనలో వాయించవచ్చా అని అడిగాడు. చివర్లో ఏముందో చెప్పాను. వారం ఆలోచించుకుని, చర్చిలో వద్దులెండి, ఇంట్లో వాయించుకుంటానన్నాడు. మరోవైపు మా వీధి భజన బృందంలో ఒక పెద్దాయన అదే పాట విని, కృష్ణుడి పాటలో ఆ హల్లెలూయా ఎందుకండీ అన్నారు. ఇద్దరి ఇబ్బందీ నాకు అర్థమైంది. ఇద్దరి విశ్వాసమూ నిజమైనదే. రెండు వైపులా ఇబ్బంది వస్తుందని తెలిసి కూడా జార్జ్ ఆ పాటని తన మొదటి సోలో సింగిల్‌గా బయటికి వదిలారు. గాలివాటంగా నడిచే మనిషి చేసే పని కాదది.

కోర్టు కేసు. దేవుడి పాటకే దొంగతనం కేసు పడింది అని మీ ఫ్రెండ్ అన్నది దీని గురించే. 'హి ఈజ్ సో ఫైన్' అని 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన పాటకు ఇది కాపీ అని దావా వేశారు. 1976లో న్యూయార్క్ జడ్జి తీర్పు చెప్పారు: కాపీయే, కానీ తెలిసి చేసింది కాదు, మనసు అడుగున ఉండిపోయిన పాట తెలియకుండా బయటికొచ్చింది అని.

తీర్పులో జడ్జి స్వరాలు కూడా రాశారు. మన సరిగమల్లోకి మారిస్తే మొదటి ముక్క 'ప గ రి', రెండోది 'ప ద స ద స'. షిఫాన్స్ పాటలో మొదటి ముక్క నాలుగుసార్లు, రెండోది నాలుగుసార్లు వస్తాయి. జార్జ్ పాటలో మొదటిది నాలుగుసార్లు, రెండోది మూడుసార్లు, నాలుగోసారి బదులు వేరే సంగతి. పైగా అదే చోట అదే చిన్న అనుస్వరం, అంటే ముఖ్య స్వరానికి ముందు తాకీతాకనట్టు వచ్చే స్వరం. హార్మోనియం ఉంటే వాయించి చూడండి. స, రి, గ, ప, ద: అంటే మన మోహనలోని అయిదు స్వరాలే. ఈ అయిదింటితో జానపదాలూ లాలిపాటలూ లెక్కలేనన్ని ఉన్నాయి, ఒక ముక్క కలవడం పెద్ద వింత కాదు. కానీ రెండు ముక్కలూ అదే వరుసలో రావడం, ఆ అనుస్వరం కూడా కలవడం చూస్తే నాకు జడ్జి చెప్పింది సబబే అనిపిస్తుంది. పాట ప్రాణం మాత్రం ఆ రెండు ముక్కల్లో లేదు. ఆ స్లైడ్‌లో, నామంలో ఉంది. అవి షిఫాన్స్ పాటలో లేవు.

ఈ కేసు ఆయన్ని చాలా ఏళ్లు పీడించింది. అంతకుముందు తన తరఫున మాట్లాడిన మేనేజరే మధ్యలో దావా వేసిన కంపెనీని 5,87,000 డాలర్లకు కొనేసుకుని, ఆయన మీదికే కేసు నడిపాడు. చివరికి కోర్టు ఆ మేనేజర్‌కి లాభం రాకుండా, అతను పెట్టిన డబ్బు మాత్రమే ఇమ్మంది. కొత్త పాట రాయాలంటేనే భయమేసేది, ఎవరి పాట ఇందులో దాక్కుందోనని, అని జార్జ్ తర్వాత చెప్పుకున్నారు. కెరీర్ మీద పడ్డ దెబ్బల్లో నేను దీన్ని ముందు పెడతాను.

ఇప్పుడు 1974.

దానికి ముందు ఒక లెక్క చూడాలి. 1973లో వచ్చిన 'లివింగ్ ఇన్ ద మెటీరియల్ వరల్డ్' ఆయన ఆల్బమ్‌లన్నిటిలోకీ దేవుడి మాట ఎక్కువున్నది. లోపల కృష్ణార్జునుల రథం బొమ్మ. పాటల్లో ఉపదేశం ఎక్కువైందని అప్పుడే కొందరు విమర్శకులు విసుక్కున్నారు. అయినా ఆ ఆల్బమ్ అమెరికాలో అయిదు వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులోని ప్రార్థన పాట కూడా నంబర్ వన్ అయింది. అంటే భక్తి వల్ల జనం పారిపోయారన్న మాట 1973 దాకా నిలవదు.

మరి ఏడాదిన్నరలో ఏం జరిగింది? భార్య ప్యాటీ విడిపోయి, జార్జ్ మిత్రుడైన గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ దగ్గరికి వెళ్లారు. జార్జ్ తాగుడు, కొకైన్ పెరిగాయి. కొత్త రికార్డ్ కంపెనీ పనులు నెత్తిన ఉన్నాయి. ఆల్బమ్ రికార్డింగూ టూర్ రిహార్సల్సూ ఒకేసారి పెట్టుకోవడంతో గొంతు పోయింది. ఆ పోయిన గొంతుతోనే నవంబర్ 2న వాంకూవర్‌లో టూర్ మొదలుపెట్టి, డిసెంబర్ 20న న్యూయార్క్‌లో ముగించారు. బీటిల్స్‌లో ఒకరు అమెరికా టూర్‌కి రావడం వాళ్లు విడిపోయాక అదే మొదలు. జనం పాత పాటల కోసం వచ్చారు. ఆయన పాత పాటలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పాడి, వాటిలో కూడా మాటలు మార్చారు. లెనన్ రాసిన ఒక ప్రేమ పాటలో ప్రేయసి చోట దేవుణ్ణి పెట్టారు. కచేరీలో మంచి భాగం రవిశంకర్ బృందానికి ఇచ్చారు. టూర్ మధ్యలో రవిశంకర్‌కి గుండె జబ్బు వచ్చి ఆసుపత్రిలో చేరాల్సివచ్చింది. పత్రికలు ఏకిపారేశాయి.

భక్తి వాటా ఏమీ లేదా అంటే, ఉంది. రాక్ కచేరీకి టికెట్ కొన్న వాళ్లను దేవుడి పేరు పలకమని వేదిక మీంచి అడగడం, పలకకపోతే నొచ్చుకోవడం పొరపాటే. నేను ఎంత అభిమానినైనా ఆ విషయంలో ఆయన్ని వెనకేసుకురాను. కానీ అరిగిపోయిన గొంతుతో, చెదిరిన ఇంటితో, ముక్కులో పొడితో వేదికెక్కిన మనిషి కిందపడితే, దానికి జపమాలను తప్పుపట్టడం న్యాయం కాదు. అదే రవిశంకర్‌తో, అదే దేవుడి పాటలతో 1971 ఆగస్టు 1న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రెండు కచేరీలు చేస్తే జనం నీరాజనం పట్టారు. ఆ కచేరీల టికెట్ల డబ్బే సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కి వెళ్లింది. 1971లో లేచింది, 1974లో పడింది ఒకే మనిషి, ఒకే నమ్మకం. మధ్యలో మారింది ఆరోగ్యం, ఇల్లు, ముందస్తు సన్నాహం.

ఆయన సన్యాసి కాదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే నేను భజన చేస్తున్నానని అనుకుంటారు. వంద గదులు దాటిన భవంతిలో ఉన్నారు. ఫార్ములా వన్ పందేలంటే ప్రాణం. సిగరెట్ ఎన్నాళ్లకో గానీ వదల్లేదు, క్యాన్సర్‌కి అదే కారణమని ఆయనే అన్నారు. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం క్రీస్తు కాలం మీద తీసిన కామెడీకి పెట్టుబడిదారులు వెనక్కి తగ్గితే, ఆయన ఇల్లు తాకట్టు పెట్టి డబ్బిచ్చారు. ఆ 1979 నాటి సినిమాని దైవదూషణ అని చాలాచోట్ల నిషేధించారు. భక్తుడు ఆ పనెలా చేశాడని అడిగేవాళ్లున్నారు. నాకు అందులో వైరుధ్యం కనిపించదు, ఆయన దేవుణ్ణి ప్రేమించారు, మతాధికారాన్ని ఎన్నడూ మోయలేదు.

తన సొంత పాటలకు బయట ఆయన చేసిన పనులే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి. 1968 చివర్లో అమెరికా నుంచి చేతిలో డబ్బుల్లేకుండా లండన్ వచ్చిన కొద్దిమంది ఇస్కాన్ భక్తులను ఆయన చేరదీశారు. 1969లో వాళ్లతోనే మహామంత్రాన్ని రికార్డ్ చేయించి బీటిల్స్ సొంత కంపెనీ యాపిల్ మీద విడుదల చేశారు. బ్రిటన్‌లో 12వ స్థానానికి వెళ్లింది. గుండు, పిలక, ధోవతులతో భక్తులు బీబీసీ పాప్ కార్యక్రమంలో పాడారు. 1973లో లండన్ శివార్లలో ఒక పెద్ద భవనం, దాని తోట కొని వాళ్లకిచ్చేశారు. అదే ఇప్పటి భక్తివేదాంత మేనర్. లండన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు చాలామంది జన్మాష్టమికి అక్కడికి వెళ్తుంటారు.

ఇంకొకటి, ఇది తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. హైదరాబాద్ అబిడ్స్ గానీ, తిరుపతి గానీ, ఏ ఊరి ఇస్కాన్ గుడికైనా పొద్దున్న తెరలు తీసే వేళకు వెళ్లండి. ఒక స్త్రీ గొంతు 'గోవిందమాదిపురుషం' అని అందుకుంటుంది. బ్రహ్మసంహిత శ్లోకాలవి. పాడింది యమునాదేవి అనే అమెరికన్ భక్తురాలు. 1970లో వచ్చిన ఆ రికార్డింగ్ నిర్మాత జార్జ్ హారిసన్. అది విని ఇస్కాన్ స్థాపకులు ప్రభుపాద చలించిపోయి, అన్ని మందిరాల్లో రోజూ ఉదయం మోగించమన్నారు. అప్పటినుంచి ఆగలేదు. ఆ గుడికి ఏళ్లుగా వెళ్తున్న నా స్టూడెంట్ వాళ్లమ్మగారికి ఈ మాట చెప్తే, ఆ పాట వెనక బీటిల్స్ మనిషి ఉన్నాడంటే నమ్మలేదు.

జపం విషయానికొస్తే, ఫ్రాన్స్ నుంచి పోర్చుగల్ దాకా దాదాపు 23 గంటలు కారు నడుపుతూ ఆపకుండా మంత్రం చెప్పుకుంటూ వెళ్లానని 1982లో ఒక సంభాషణలో చెప్పారు. కొడుక్కి పెట్టిన పేరు ధని: మన ధైవతం, నిషాదం. 1996లో రవిశంకర్‌తో కలిసి వేదమంత్రాల ఆల్బమ్‌కి నిర్మాతగా కూర్చున్నారు, రికార్డింగ్‌లో కొంత మద్రాసులో, కొంత ఇంగ్లండ్‌లో ఆయన ఇంట్లో జరిగింది. అప్పటికి బీటిల్స్ విడిపోయి పాతికేళ్లు, చప్పట్లు కొట్టే ఫ్యాషన్ ఎప్పుడో పోయింది. 1999 డిసెంబర్ 30 తెల్లవారుజామున ఒకడు ఇంట్లోకి చొరబడి కత్తితో పొడిచాడు. వాణ్ణి చూడగానే ఆయన గట్టిగా అరిచింది 'హరే కృష్ణ' అనే. భార్య ఒలీవియా చేతికందిన దాంతో వాణ్ణి కొట్టి కాపాడారు. రెండేళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో క్యాన్సర్‌తో పోతున్నప్పుడు మంచం పక్కన భార్య, కొడుకుతో పాటు లండన్‌లో తాను చేరదీసిన ఆ తొలి భక్తుల్లోని మిత్రులూ ఉన్నారు. అప్పటికి ఆయన వయసు 58.

ఫ్రెండ్‌తో వాదనకి ఇవి చాలనుకుంటాను. 1974 తర్వాత అమ్మకాలు తగ్గిన మాట వాస్తవం. కానీ 1987లో ఆయన మళ్లీ ఆల్బమ్ తీస్తే అందులో పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. మధ్యలో ఆయన దేవుణ్ణి మానేసి మళ్లీ రాలేదు, అయిదేళ్లు తోటపని చేసుకుంటూ విశ్రాంతి తీసుకుని వచ్చారు.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు. ముందు 'మై స్వీట్ లార్డ్', తర్వాత ఆయన పోయాక 2002లో వచ్చిన చివరి ఆల్బమ్‌లోని 'మార్వా బ్లూస్'. రెండోదానిలో మాటలే లేవు, స్లైడ్ ఒక్కటే. రాగం పేరు పెట్టారు గానీ అది అచ్చంగా మార్వా రాగం కాదు. ఒకదాని తర్వాత ఒకటి వింటే ముప్పై ఏళ్లలో ఆ చెయ్యి ఎంత నెమ్మదించిందో తెలుస్తుంది. చిన్న ఫోన్ స్పీకర్లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

గిటార్ నేర్చుకుంటున్నానన్నారు కాబట్టి: రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి ఈ మైనర్, ఏ మధ్య ఊగుతూ ఉండండి, తర్వాత డి, బి మైనర్. సగం పాట దీంతోనే వచ్చేస్తుంది. ఆ తర్వాత శ్రుతి ఒక మెట్టు పైకి మారుతుంది, అక్కడ ఎఫ్ షార్ప్ మైనర్, బి, ఈ, సి షార్ప్ మైనర్ పట్టుకోవాలి. ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బారె కార్డులు ఇంకా కుదరకపోతే మొదటి సగమే వాయించండి. కుడిచేతి స్ట్రమ్మింగ్ గట్టిగా కొట్టకండి. రికార్డులో చాలామంది కలిసి అకూస్టిక్ గిటార్లు వాయించారు, అందుకే నిండుగా వినిపిస్తుంది, ఒక్కరే బలంగా కొడితే ఆ నిండుతనం రాదు. స్లైడ్ జోలికి మాత్రం ఒక ఆరు నెలలు ఆగి వెళ్లండి, ఈలోగా ఆ 'ప గ రి', 'ప ద స ద స' ముక్కలు నోటితో పాడుకుంటూ ఉండండి.